బస్టాండు దాటిన రోజు

మా బావని వీధిలో అందరూ బాటసారి అంటారు. ఆయనేదో దేశాలు తిరిగొచ్చాడని కాదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పక్క ఊళ్ళో ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు. ఎప్పుడు చూసినా వీపు మీద ఎవరిదో ఒక బ్యాగు వేసుకుని బస్టాండు వైపు నడుస్తూ కనిపిస్తాడు. కాసేపటికి అదే బ్యాగుతో వెనక్కి నడుస్తూ కనిపిస్తాడు. అందుకని ఆ పేరు.

బావది బ్యాగులు బాగుచేసే కొట్టు. ఒకటే గది. ముందు గాజు బల్ల, దాని వెనక రెండు కుట్టు మిషన్లు. ఒకటి బావది, ఒకటి మా అక్కది. పైకప్పు నిండా కొక్కేలు, వాటికి వేలాడుతూ జిప్పులు పోయినవీ, చక్రాలు ఊడినవీ, అడుగు చిరిగినవీ. కాస్త పొడుగు మనిషెవరైనా తల వంచుకునే లోపలికి రావాలి. పక్కనే నా కొట్టు, తాళంచెవులు చేస్తాను. మధ్య గోడ మరీ పల్చన. మొగుడూ పెళ్ళాలు ఏం మాట్లాడుకున్నా నాకు వినపడుతుంది. వినాలని కాదు, వినక తప్పక.

వీపున మోసే బ్యాగు బాగుచేస్తే బావ దాన్ని ఊరికే ఇచ్చెయ్యడు. పట్టీ కుట్టగానే లోపల రెండు ఇసుక మూటలు పెట్టి, తనే భుజాలకి తగిలించుకుని, బస్టాండు దాకా నడిచి తిరిగొస్తాడు. కుట్టు పీక్కుపోతోందా, పట్టీ మెడ దగ్గర ఒరుసుకుంటోందా, బరువు ఒక పక్కకి లాగుతోందా, అన్నీ ఆ నడకలో తేలిపోవాలట. "మిషను దగ్గర కుట్టు అబద్ధమాడుతుంది, వీపు మీద ఆడలేదు" అంటాడు. ఇంత సంబరం దేనికని నేను ఎన్నోసార్లు అడిగాను. పట్టీ పట్టుకుని గట్టిగా ఒక గుంజు గుంజితే సరిపోదా? నేను చేసిన తాళంచెవిని ఊరంతా ఊరేగించి ఇస్తున్నానా? బావ నవ్వి ఊరుకుంటాడు. ఆయనతో వచ్చిన చిక్కే అది. ఎదురు చెప్పడు, మాట వినడు.

దారిలో అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు. "ఎందాకా బాటసారిగారూ?" "బస్టాండు దాకా." ఆ పరాచికం అరిగి చిల్లులు పడింది. అయినా అడిగేవాళ్ళు మానలేదు, చెప్పేవాడూ మానలేదు.

మొన్నామధ్య ఒకరోజు కొట్టులో ఊపిరి సలపని పని. ఇంటింటికీ పార్సిళ్ళు అందించే కంపెనీవాళ్ళు తమ మనుషులు మోసే బ్యాగులన్నీ ఒక్కసారే తెచ్చి పడేశారు. పెట్టెలంతేసి బ్యాగులు. అన్నిటికీ జిప్పులు పోయాయి. మర్నాడు పొద్దున్నకల్లా ఇస్తానని బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం ఆయన పని, తిట్టుకుంటూ కుట్టడం మా అక్క పని. ఆ కంపెనీ మేనేజరు మాటిమాటికీ ఫోను చేసి "ఎప్పుడిస్తారు?" అంటున్నాడు. ఇచ్చే టైము ఆయనకీ తెలుసు. అయినా అడుగుతాడు.

ఆ హడావిడిలో ఒకమ్మాయి వచ్చింది. మెడలో ఆఫీసు కార్డు, చేతిలో పెద్ద వీపు బ్యాగు. దాని కుడి పట్టీ మొదలంటా ఊడిపోయింది. సాయంత్రం బస్సుకి బయల్దేరుతున్నానని, అప్పటికి ఎలాగైనా కావాలని బతిమాలింది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు బావ. అందర్నీ అడుగుతాడు. కొండలెక్కే మనిషికి ఒక దారం, రైల్లో కూర్చునే మనిషికి ఒక దారం.

"ఇంకా అనుకోలేదు అంకుల్. ఒక్కదాన్నే వెళ్తున్నా. రాత్రే డిసైడయ్యాను."

"ఊరు అనుకోలేదా?"

"వెళ్ళడం అనుకున్నా. ఊరు ఎక్కాక చూసుకుంటా. ఆఫీసులో బోలెడు పనుంది, వాళ్ళకి చెప్పలేదు కూడా. చెబితే వెళ్ళనివ్వరు."

ఆ అమ్మాయి వెళ్ళగానే మా అక్క మిషను తొక్కుతూనే గొణిగింది. "ఊరి పేరు తెలీదు గానీ బ్యాగు మాత్రం సాయంత్రానికి కావాలట. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం."

బావ గొణగలేదు. ఆయన బుర్రలో పురుగు దూరింది. ఊరు తెలీకుండా టిక్కెట్టు ఎలా అడుగుతుంది? అక్కని అడిగాడు. గోడవతల నుంచి నన్నడిగాడు. గొడుగు సంచీ కోసం వచ్చిన ముసలాయన్నీ అడిగాడు. ఆయనకి చెవుడు, తల ఊపి వెళ్ళిపోయాడు.

"కండక్టరు ఎక్కడికీ అంటే ఏం చెబుతుందిరా?"

"అప్పుడేదో ఒకటి చెబుతుంది. నీకెందుకు బావా? నీది పట్టీ కుట్టే పని."

"అది కాదురా, ఏదో ఒకటి ఎలా చెబుతాం?"

భోజనాలయ్యాక ఆ పట్టీ పని ముగించి, ఇసుక మూటలు పెట్టి, భుజాలకి తగిలించుకుని, "ఇప్పుడే వస్తా" అని బయల్దేరాడు. ఆ "ఇప్పుడే వస్తా"ని మా అక్క ఆ రోజంతా ఎన్నిసార్లు తలుచుకుందో చెప్పలేను.

ఎంతసేపటికీ రాలేదు. బావ ఫోను మిషను పక్కనే మోగుతోంది, మేనేజరు. మా అక్క నన్ను తరిమింది. టీ కొట్టతను ఇటు వెళ్ళాడన్నాడు, చెప్పులు కుట్టే ఆవిడ అటు వెళ్ళాడంది. బస్టాండులో పత్రికలమ్మే మనిషి మాత్రం నన్ను చూసి పకపకా నవ్వాడు.

"మీ బావ బస్సెక్కాడుగా!"

"ఏ బస్సు?"

"అదే అర్థం కాలేదు. మెట్టు మీద కాలు పెట్టాడు. జోకు చేస్తున్నాడని నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. బస్సు కదిలిపోయింది."

నేను అక్కడే కాసేపు నిలబడిపోయాను. కొట్టులో పోట్లాటేమైనా అయ్యిందా అంటే, అయితే నాకు గోడలోంచి వినపడేది. మతి తప్పిందా అంటే, పొద్దున్నే నా తాళం మిషను బెల్టు తనే సరిచేసి ఇచ్చాడు. తాగుడు లేదు, జూదం లేదు, ఇంకో ఇల్లు లేదు. ఏ కారణమూ లేకుండా మనిషి బస్సెక్కుతాడా? నాకు ఒళ్ళు మండింది. కారణం లేని పని చూస్తే నాకు మొదట కోపమే వస్తుంది, భయం తర్వాత వస్తుంది. ఆ రోజు రెండూ కలిసే వచ్చాయి.

మా అక్కకి ఆ చావు కబురు ఎంత చల్లగా చెబుదామనుకున్నా నోరు తడబడింది. ఆవిడ మిషను ఆపింది.

"బస్సెక్కారా? ఎక్కడికి?"

"తెలీదు."

"ఎందుకు?"

"తెలీదక్కా."

"మరి నీకు తెలిసిందేమిట్రా?" అని ఒంటికాలి మీద లేచింది. బస్సెక్కింది నేనైనట్టు.

అంతలో నా ఫోనుకి ఏదో కొత్త నంబరు నుంచి కాల్ వచ్చింది. బావ గొంతు.

"ఒరేయ్, మీ అక్కకి చెప్పు, కంగారు పడొద్దని. నేనిక్కడ దిగాను."

"ఇక్కడంటే ఎక్కడ?"

"ఉండు, అడిగి చెబుతా." అడిగి ఒక ఊరి పేరు చెప్పాడు. అది ఉన్నట్టే నాకు తెలీదు. "కండక్టరు ఎక్కడికీ అన్నాడురా. ముందు సీటాయన ఏదో ఊరన్నాడు, నాకూ అదే ఇమ్మన్నాను. ఆయన దిగాడు, నేనూ దిగాను. ఆయన వాళ్ళింటికెళ్ళిపోయాడు."

"నువ్వేం చేస్తున్నావు మరి?"

"కూర్చున్నాను. రేపొస్తానని చెప్పు. ఒక్క రోజు. బ్యాగు ఎంత బాగా కూర్చుందిరా వీపు మీద! ఇంత దూరమొచ్చినా ఎక్కడా ఒరుసుకోలేదు."

"బావా, ఆ బ్యాగు ఎవరిది?"

అవతల్నుంచి ఎవరో ఆవుని అదిలిస్తున్న అరుపు, ఏదో బండి వెళ్తున్న చప్పుడు.

"అయ్యో" అన్నాడు బావ. ఆ అయ్యో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. కొట్టు తెరిచిన దగ్గర్నుంచి ఒక్క బ్యాగు కూడా అన్న వేళకి ఇవ్వకుండా లేడు. ఆ ఒక్క మాట మీదే బతికాడు. ఇప్పుడు పరాయివాళ్ళ బ్యాగు భుజాన వేసుకుని ఊరు దాటేశాడు. దొంగకీ ఆయనకీ తేడా చెప్పమంటే పోలీసుకైనా కష్టమే.

"వచ్చేస్తాను, ఇప్పుడే వచ్చేస్తాను" అని పెట్టేశాడు. వెంటనే మళ్ళీ చేశాడు. ఇటువైపు బస్సు రేపు పొద్దున్నే తప్ప లేదట. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అరుద్దామనుకున్నాను గానీ, ఆయన గొంతు ఎంత చిన్నదైపోయిందో వింటే నాకే జాలేసింది. ఆ ఫోను ఎవరిదని అడిగితే, బస్టాపు దగ్గర సైకిల్ పంక్చర్లు వేసే ఆవిడదన్నాడు. అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పాను. "కదిలి ఎక్కడికెళ్తాను?" అన్నాడు. అదీ నిజమే.

మా అక్క అన్నీ విని పార్సిలు బ్యాగొకటి ముందుకి లాక్కుంది. కాసేపయ్యాక, "నాతో చెబితే వద్దంటానా?" అంది.

"అంటావు."

"అంటాను, నిజమే. అయినా చెప్పాలి కదరా." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళతోనే సూదిలో దారం ఎక్కించబోయి, ఎక్కక, సూదిని తిట్టింది.

ఆ అమ్మాయి చెప్పిన వేళ కంటే ముందే వచ్చేసింది. బట్టలు రెండు సంచుల్లో కుక్కి తెచ్చుకుంది, బ్యాగులో సర్దుకుందామని. చేతిలో ఫోను గిర్రుమంటూనే ఉంది. అది చూసి చూసి జేబులో పెట్టుకుంటోంది, మళ్ళీ తీస్తోంది. ఎలా చెప్పాలో తెలీక నేను నీళ్ళు నమిలాను. మా అక్కే చెప్పేసింది, ఉన్నదున్నట్టు. ట్రయలు చూడ్డానికి వేసుకెళ్ళి, అటే బస్సెక్కి వెళ్ళిపోయారు, ఎందుకో మాకూ తెలీదు, రేపటిదాకా రారు.

తిడుతుందనుకున్నాను. పోలీసులంటుందనుకున్నాను. ఆ అమ్మాయి ముందు తెల్లబోయింది. తర్వాత ఆ ముఖంలో ఏదో తేలిక కనిపించింది. పరీక్ష వాయిదా పడిందని తెలిసిన పిల్లల ముఖంలో కనిపిస్తుందే, అది.

"పర్లేదాంటీ. వెళ్ళొద్దనే రాసుందేమో. ఎలాగూ ఆఫీసు నుంచి ఒకటే ఫోన్లు. ఇంకా టైముంది, ఇటునుంచిటే ఆఫీసుకెళ్ళిపోతా."

నేను హమ్మయ్య అనుకున్నాను. గండం గడిచింది. మా బావ పరువు గంగలో కలవకుండా బయటపడింది. ఇంకెవరైనా అయితే అక్కడితో వదిలేసేవాళ్ళు.

మా అక్క వదల్లేదు. "సంతోషిస్తున్నావా?" అంది.

"అంటే?"

"బ్యాగు లేదంటే నీకు సంతోషమేసింది. నేను చూశాను."

ఆ అమ్మాయి కింద పెట్టిన సంచుల్ని కాలితో సర్దింది. కాసేపటికి చెప్పింది. ఎప్పుడూ ఒక్కతే ఎక్కడికీ వెళ్ళలేదట. పొద్దున్న బ్యాగు తీస్తుంటే పట్టీ ఊడి చేతికొస్తే, మానెయ్యమని చెబుతున్నట్టు అనిపించిందట. ఎవరైనా బాగుచేస్తామంటే వెళ్దాం, లేదంటే లేదు అనుకుని మా కొట్టుకొచ్చిందట. ఇప్పుడు మానేస్తే ఇంకెప్పటికీ వెళ్ళననీ తెలుసట. ఏం చెయ్యాలో మాత్రం తెలీదట. "మీరే చెప్పండాంటీ" అంది.

బస్టాండు దాటని మొగుడున్న మనిషిని, ఆ మొగుడు కాస్తా చెప్పా పెట్టకుండా దాటేసిన రోజున, ప్రయాణం గురించి సలహా అడగడం! నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మా అక్క మిషను మీద నుంచి లేచింది. "చూడమ్మా, ఇప్పుడు నువ్వు మానేస్తే రేపు నీ పిల్లలతో ఏం చెబుతావు? నేను వెళ్దామనే అనుకున్నా, ఆ బ్యాగులాయన నా బ్యాగెత్తుకుపోయాడు, అందుకే మానేశానని చెబుతావు. ఆ నింద మా ఇంటికొద్దు. నీకు వెళ్ళే ఊరు లేదన్నావు కదా? ఇప్పుడుంది. నీ బ్యాగున్న చోటికి వెళ్ళు. తీసుకో. అక్కణ్ణుంచి ముందుకెళ్తావో, వెనక్కొస్తావో నీ ఇష్టం."

ఆ అమ్మాయి మా అక్క వైపు చూసింది, నా వైపు చూసింది, మోగుతున్న ఫోను వైపు చూసింది. తర్వాత సంచులు రెండూ ఎత్తుకుంది.

బస్సు నేనే ఎక్కించాను. కండక్టరు ఎక్కడికమ్మా అంటే, మా బావ చెప్పిన ఆ ఊరి పేరు పరీక్షలో పాఠం ఒప్పచెప్పినట్టు చెప్పింది. కిటికీలోంచి నన్ను చూసిన చూపులో ధైర్యం ఉందో ఏడుపుందో పోల్చుకోలేకపోయాను. ఆడపిల్లని ముక్కూ మొహం తెలీని ఊరికి, మతి ఉందో లేదో తెలీని మా బావ దగ్గరికి పంపిస్తున్నాం. ఏమైనా జరిగితే? ఈ ఆలోచన బస్సు కదిలాక వచ్చింది. నా ఆలోచనలన్నీ అంతే.

కొట్టుకొచ్చి అక్కకి సాయం చేస్తానన్నాను. జిప్పు పళ్ళ మీద జారే రన్నర్లు ఎక్కించమంది. తాళాలు చేసే చేతికి జిప్పు ఒక లెక్కా అనుకున్నాను. ఎక్కించినవన్నీ తలకిందులుగా ఎక్కించాను. మూస్తే తెరుచుకుంటున్నాయి, తెరిస్తే మూసుకుంటున్నాయి. మా అక్క అవన్నీ ఊడదీసి, నన్ను బల్ల ముందుకి పోయి కూర్చోమంది. మేనేజరు ఫోను చేస్తూనే ఉన్నాడు. అవుతాయండీ, అయిపోతాయండీ అని చెబుతూనే ఉంది.

చీకటి పడే వేళకి ఫోనొచ్చింది. ఆ అమ్మాయి.

"ఆంటీ, బ్యాగందింది. అంకుల్ బస్టాపులోనే నిలబడున్నారు. నేను దిగీ దిగగానే ముందు పట్టీ చూపించారు. బరువైనవి వీపుకి ఆనేట్టు పెట్టుకోమని తనే సర్దిచ్చారు. పంక్చరు ఆంటీ వాళ్ళింట్లో పడుకుంటున్నా. పొద్దున్న ఇంకా ముందుకెళ్తా." గొంతు గలగలమంటోంది. పొద్దున్న మా కొట్టుకొచ్చిన గొంతు కాదది.

"ఆఫీసు?" అంది మా అక్క.

"ఫోను ఆపేశానాంటీ. పంక్చరు ఆంటీది తీసుకుని చేస్తున్నా. ఇదిగో, అంకుల్‌తో మాట్లాడండి."

మా అక్క ఫోను నా చేతిలో పెట్టేసింది. బావ, "మీ అక్క ఏమంటోందిరా?" అన్నాడు.

"ఏమీ అనట్లేదు."

"అయితే చాలా కోపంగా ఉన్నట్టుంది" అన్నాడు దిగులుగా.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సుకే దిగాడు. బ్యాగు లేదు కాబట్టి ఇసుక మూటలు చెరో భుజం మీదా వేసుకుని వీధి వెంట నడిచొచ్చాడు. ఎందాకా అని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలో తెలీక తల దించుకున్నాడు. కొట్టులోకొచ్చి, మూటలు మూల పెట్టి, బిక్కమొహంతో మిషను ముందు కూర్చుని పార్సిలు బ్యాగొకటి అందుకున్నాడు. సగం బ్యాగులు ఇంకా మిగిలే ఉన్నాయి.

మా అక్క ఆయన వైపు చూడలేదు. నేను గోడవతలకి వెళ్ళకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. వినాలనే నిలబడ్డాను, అబద్ధమెందుకు.

"ఏం చూశారు?" అంది చివరికి.

"ఏం లేదు. ఒక రేకుల షెడ్డు. రోడ్డు. ఆవొకటి వచ్చి పోయింది."

"దానికోసం వెళ్ళారా?"

"కాదు."

"మరి?"

బావ చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే వెతుక్కున్నాడు పాపం. కనపడనట్టుంది. "తెలీదే" అన్నాడు. "ఆ పిల్ల మాట విని అనుకున్నా, కానీ అదీ కాదేమో. కండక్టరు ఎక్కు ఎక్కు అన్నాడు, ఎక్కాను. భయమేసింది. దిగాక ఇంకా భయమేసింది. కానీ అక్కడ కూర్చుంటే..." ఆగిపోయాడు.

"కూర్చుంటే?"

"ఎవరూ నన్ను ఎప్పుడిస్తావని అడగలేదు. అంతసేపూ ఒక్కరు కూడా."

మా అక్క చేతిలో బ్యాగు ఒళ్ళో పడింది. ఆవిడ మొగుడి వైపు అప్పుడు చూసింది. కోపం ఇంకా అలాగే ఉంది ముఖంలో, దాని పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.  గోడ అంత పల్చనే, ఇన్నేళ్ళూ వాళ్ళ మాటలన్నీ విన్నాను, ఆ మనిషి మీద ఇంత బరువుందని నాకు వినపడలేదు.

బావ ఫోను మోగింది. మేనేజరు. బావ అలవాటుగా చెయ్యి చాచాడు. మా అక్క ఆ చేతికి అందకుండా ఫోను తీసుకుంది.

"ఆయనా? ఆయన ఊళ్ళో లేరండీ" అంది.

బావ సూది పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నా వైపు చూశాడు, ఒకసారి తన చొక్కా వైపు చూసుకున్నాడు. నేను ఊళ్ళో లేనా అన్నట్టు.

అవతలాయన ఎప్పుడొస్తారని అడిగినట్టున్నాడు. మా అక్క బావ ముఖంలోకి నిదానంగా చూసింది.

"తెలీదండీ. చెప్పలేదు. వచ్చినప్పుడొస్తారు" అని ఫోను పెట్టేసి, "మీరు కాసేపు ఊరికే కూర్చోండి" అంది.